పన్ను కోసం ఊరొదిలిన చీరాల.. ముందు నడిచిన ఆంధ్రరత్న
నాలుగు వేల పన్నును నలభై వేలకు పెంచిన పురపాలక సంఘంపై పోరాటం.. పదకొండు నెలలు పాకల్లోనే పదమూడు వేల మంది
నేడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వర్ధంతి

చీరాల, జూన్‌ 10: పురపాలక సంఘం పన్ను పెంచితే పౌరులు ఏం చేస్తారు? అర్జీ పెట్టుకుంటారు. కార్యాలయం ముందు ధర్నాకు దిగుతారు. కొందరు న్యాయస్థానానికి వెళతారు. చివరకు ఎక్కువ మంది కట్టేస్తారు. 1921 వేసవిలో చీరాల, పేరాల ప్రజలు ఈ దారులన్నీ దాటి మరో దారి పట్టారు. పన్ను వేసే అధికారం పురపాలక సంఘం హద్దుల్లోనే కదా చెల్లేదని ఆ హద్దులే దాటి వెళ్లిపోయారు. ఇళ్లకు తాళాలు వేసి, మగ్గాలు విప్పుకొని, పిల్లలను, పశువులను వెంటబెట్టుకొని ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. పదిహేను వేల జనాభాలో పదమూడు వేల మందికి పైగా కదిలిన ఆ వలసకు సారథి ముప్పై రెండేళ్లు నిండని యువకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. తెలుగువారు ఆంధ్రరత్న అని పిలుచుకున్న ఆ నాయకుడు 1928 జూన్‌ 10న కన్నుమూశారు. వర్ధంతి సందర్భంగా ఆయన జీవితాన్ని, ఆయన నడిపిన పోరాటాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాం.

అమ్మానాన్నలు లేని బాల్యం

గోపాలకృష్ణయ్య 1889 జూన్‌ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. తిరుపతమ్మ తల్లి ఆలయంతో ప్రసిద్ధి చెందిన ఆ గ్రామం ఇప్పుడు ఎన్టీఆర్‌ జిల్లాలో ఉంది. తండ్రి కోదండరామస్వామి, తల్లి సీతమ్మ. పుట్టిన కొద్ది రోజులకే తల్లిని, మూడేళ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకున్న ఆ పసివాడిని నాయనమ్మ, పినతండ్రి పెంచి పెద్దచేశారు. చదువు గుంటూరు జిల్లాలో సాగింది. సంగీతం, పద్యం, నాటకం ఆయనకు చిన్ననాడే ఒంటబట్టాయి. పాఠ్యపుస్తకాల కంటే వాటి మీదే ధ్యాస ఎక్కువగా ఉండేదని ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు.

చదువు ఒక దశకు వచ్చాక బాపట్ల తాలూకా కచేరీలో చిన్న ఉద్యోగంలో చేరారు. శిస్తు లెక్కలు, దస్తావేజులు, పై అధికారి ముందు చేతులు కట్టుకొని నిలబడటం ఆయన స్వభావానికి సరిపడలేదు. ఉద్యోగం వదిలేశారు. పన్నులు వసూలు చేసే యంత్రాంగంలో కొన్నాళ్లు గుమాస్తాగా పనిచేసిన మనిషే తర్వాత అదే యంత్రాంగానికి ఎదురు నిలవడం గమనించదగిన విషయం.

ఎడింబరో నుంచి బందరు దాకా

1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు చేయూతతో గోపాలకృష్ణయ్య స్కాట్లాండుకు పయనమయ్యారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. పట్టా పొందారు. ఆ మిత్రులిద్దరి జీవితాల్లో ఒక చిత్రం ఉంది. నరసింహారావు తర్వాతి కాలంలో గుంటూరు పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. గోపాలకృష్ణయ్య గుంటూరు జిల్లాలోనే మరో పురపాలక సంఘాన్ని ఎదిరించి చరిత్రకెక్కారు.

విదేశాల్లో ఉన్న కాలంలోనే ప్రఖ్యాత కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో ఆయనకు పరిచయం కలిగింది. నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని వారిద్దరూ కలిసి ఆంగ్లంలోకి అనువదించారు. 1917లో హార్వర్డ్‌ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ గ్రంథాన్ని వెలువరించింది. భారతీయ నాట్యశాస్త్రాన్ని పాశ్చాత్యులకు పరిచయం చేసిన తొలి గ్రంథాల్లో అదొకటి. పన్నుల పోరాటం నడిపిన మనిషి అంతకు ముందు హస్తముద్రల గురించి పుస్తకం రాశారంటే నేటి తరానికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఆయనకు మాత్రం ఆ రెండూ వేర్వేరు కావు. ప్రజల కళలు, ప్రజల కట్టుబాట్లు బతికి ఉంటేనే స్వరాజ్యానికి అర్థం ఉంటుందని ఆయన నమ్మారు.

స్వదేశానికి తిరిగి వచ్చాక రాజమండ్రి శిక్షణ కళాశాలలో, ఆపై బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేశారు. రెండు చోట్లా ఎక్కువ కాలం నిలవలేదు. నచ్చని మాటను మొహం మీదే చెప్పేయడం ఆయన గుణం. కొలువులో కుదురుకోవడానికి అది అడ్డయింది. 1919 నాటికి ఆయన చీరాల చేరారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పి విద్యావ్యాప్తికి, జానపద కళల పునరుద్ధరణకు పూనుకున్నారు. ఊరి కష్టం ఆయన గడప తొక్కింది అప్పుడే.

నాలుగణాల నుంచి రెండు రూపాయల పది అణాలకు

నాటి చీరాల నేటి చీరాల కాదు. అప్పట్లో అది గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరి, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. మద్రాసు, బెజవాడల మధ్య రైలు మార్గంపై ఉండటం, చేనేతకు పేరుపొందడం వల్ల వర్తకం సాగేది. ఇక్కడ నేసిన రుమాళ్లు ఓడలెక్కి పశ్చిమాసియా దేశాలకు వెళ్లేవి. ఇంత ఉన్నా ఊరిలో అత్యధికులు రెక్కాడితే గాని డొక్కాడని నేతపనివారు, చిన్న రైతులు, చిల్లర వర్తకులే.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి అప్పటికి ఒక యూనియన్‌గా ఉండేవి. గ్రామానికి, పురపాలక సంఘానికి మధ్య స్థాయి సంస్థ అది. ఏడాదికి సుమారు నాలుగు వేల రూపాయల పన్ను వసూలయ్యేది. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ యూనియన్‌ను పురపాలక సంఘంగా మార్చాలని తలపెట్టింది. పారిశుధ్యం మెరుగుపరచడం, పట్టణ సదుపాయాలు కల్పించడం లక్ష్యమని చెప్పింది. వాటి ఖర్చు కింద ప్రజలు భరించవలసిన పన్ను ఏడాదికి నలభై వేల రూపాయలని తేలింది.

ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. పదిహేను వేల జనాభాకు నాలుగు వేల రూపాయలంటే సగటున మనిషికి నాలుగణాల పైచిలుకు. నలభై వేలైతే మనిషికి రెండు రూపాయల పది అణాలు దాటుతుంది. ఐదుగురున్న కుటుంబం అంతవరకు రూపాయి అయిదణాలు కట్టి ఊపిరి పీల్చుకుంటే, ఇకపై పదమూడు రూపాయలకు పైగా కట్టాలి. ఇది సగటు లెక్క మాత్రమే. ఆస్తిని, వృత్తిని బట్టి ఒక్కొక్కరి భారం మారుతుంది. అయినా పన్ను ఒక్కసారిగా పదింతలవుతుందన్న మాట మగ్గం గుంటలో కూర్చున్నవాడి గుండెల్లో గుబులు రేపింది.

ప్రజల వాదనలో పస ఉంది. సముద్రం దగ్గరగా ఉంది, నేల ఇసుక నేల, నీరు నిలవదు, తాగునీటికి బావులున్నాయి. యూనియన్‌తో గడిచిపోతున్న ఊరికి పురపాలక హోదా ఎందుకన్నది మొదటి ప్రశ్న. కొత్త సంఘం వస్తే కార్యాలయం, సిబ్బంది, వారి జీతభత్యాలు వస్తాయి. ఆ ఖర్చంతా పోను వీధికి మిగిలేదెంత అన్నది రెండో ప్రశ్న. పన్ను కట్టేవారిని అడగకుండా ఆ నిర్ణయం చేసిందెవరన్నది మూడో ప్రశ్న. ఈ మూడో ప్రశ్ననే గోపాలకృష్ణయ్య ఉద్యమానికి ఇరుసుగా చేసుకున్నారు.

సభ్యులు లేని సంఘం, జీతం తీసుకునే అధ్యక్షుడు

చీరాలవాసులు అర్జీలు పెట్టుకున్నారు. సభలు జరిపి తీర్మానాలు చేసి పంపారు. ప్రభుత్వం వాటిని పెడచెవిన పెట్టి పురపాలక సంఘాన్ని ఏర్పాటు చేసింది. ప్రజల ఒత్తిడి మేరకు సంఘ సభ్యులు రాజీనామా చేశారు. సభ్యులే లేకపోతే సంఘం ఎలా నడుస్తుందని ఊరు అనుకుంది. ప్రభుత్వం అందుకూ మార్గం వెతికింది. జీతం తీసుకునే అధ్యక్షుడిని నియమించి ఆయన చేత పాలన సాగించింది.

చీరాల కథకు ఇదే కీలకం. స్థానిక స్వపరిపాలన పేరుతో 1882లో రిప్పన్‌ ప్రభువు తీసుకువచ్చిన సంస్కరణల సారం ఏమిటంటే, ఊరి పన్నును ఊరివారే నిర్ణయించి ఊరివారే ఖర్చు పెట్టుకోవాలి. సంఘంలో కూర్చున్న సభ్యుడు తన వీధి జనానికి జవాబుదారీ. పన్ను పెంచే తీర్మానానికి చేయెత్తిన సభ్యుడు మర్నాడు అదే వీధిలో నడవాలి. సర్కారు నియమించిన ఉద్యోగికి ఆ బెడద లేదు. అతని జీతం ఆ పన్నులోంచే వస్తుంది, జవాబు మాత్రం పైవారికి చెబుతాడు. చీరాలలో మిగిలింది పన్ను వసూలు చేసే కచేరీ, దానికొక అధికారి. సంఘం అన్న మాటకు అర్థం పోయింది.

1919 సంస్కరణల తర్వాత స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. 1920 డిసెంబరులో మద్రాసు రాష్ట్రంలో ఆ శాఖ చేపట్టినవారు తెలుగువారే, పానగల్లు రాజా రామరాయణింగారు. మంత్రి మనవాడైనా చీరాల మొర ఫలించలేదు. కుర్చీలో ఉన్నది తెల్లవాడా, మనవాడా అన్నది ఒక్కటే చాలదని, కింది మాట పైకి వినబడే ఏర్పాటు ఉండాలని చీరాల అనుభవం చెబుతోంది.

చెరసాలకు వెళ్లిన వృద్ధురాలు

పన్ను కట్టబోమని ప్రజలు తెగేసి చెప్పారు. అధికారులు కేసులు పెట్టారు. పన్ను నిరాకరించినందుకు పన్నెండు మందికి శిక్షలు పడ్డాయి. వారిలో రావూరి అలివేలు మంగమ్మ అనే వృద్ధురాలు కూడా ఉన్నారు. రాజకీయ కారణంతో జైలుకు వెళ్లిన తొలి తెలుగు మహిళల్లో ఆమె ఒకరు. సహాయ నిరాకరణకు దేశం సమాయత్తమవుతున్న రోజుల్లో, ఏ పదవీ లేని, ఏ సభలోనూ ప్రసంగించని ముసలమ్మ ఇంటి పన్ను విషయమై జైలు గడప తొక్కడం ఊరందరినీ కదిలించింది.

ఆ కదలికను కట్టుబాటులో ఉంచేందుకు గోపాలకృష్ణయ్య రామదండును తయారుచేశారు. రామభక్తి ఆయనకు ఊపిరి. సుమారు వెయ్యి మంది యువకులను చేరదీసి, కాషాయ వస్త్రాలు, నుదుట తిలకం, మెడలో రుద్రాక్షలతో ఒక స్వచ్ఛంద దళంగా తీర్చిదిద్దారు. కర్రకు, కత్తికి అందులో చోటు లేదు. పాటలు, భజనలు, క్రమశిక్షణ వారి ఆయుధాలు. 1921 మార్చి 31, ఏప్రిల్‌ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్‌ సంఘం సమావేశాలు జరిగినప్పుడు పోటెత్తిన జనాన్ని అదుపులో ఉంచిన దళం ఇదే. దేశనాయకుల దృష్టి చీరాల మీద పడటానికి రామదండు సేవలు కూడా కారణమయ్యాయి.

గాంధీజీ చూపిన రెండు దారులు

బెజవాడ సమావేశాల అనంతరం ఏప్రిల్‌ 6న గాంధీజీ చీరాల వచ్చారు. ఊరి కథ విన్నారు. ఆయన ప్రజల ముందు రెండు దారులు ఉంచారు. హింసకు తావివ్వకుండా పన్నుల నిరాకరణ కొనసాగించి జప్తులకు, జైళ్లకు సిద్ధపడటం మొదటిది. పురపాలక హద్దులు విడిచి వెలుపల కాపురం పెట్టడం రెండోది. ఏ దారి ఎంచుకున్నా తమ బలం మీద తాము నిలబడాలని, కాంగ్రెస్‌ ఆదుకుంటుందన్న భరోసాతో దిగవద్దని కూడా స్పష్టం చేశారు.

ఆ షరతు చిన్నది కాదు. అయినా చీరాల రెండో దారినే ఎంచుకుంది. ఏప్రిల్‌ నెలాఖరులో, ఎండలు ముదురుతున్న వేళ, వలస మొదలైంది. బండ్ల మీద ధాన్యం, నెత్తిన మూటలు, చంకన పిల్లలు, భుజాన మగ్గం సామగ్రి. ముందు రామదండు భజన చేస్తూ నడుస్తుంటే వెనుక ఊరు నడిచింది. పురపాలక హద్దులకు వెలుపల తాటాకు పాకలతో కొత్త ఊరు వెలిసింది. దానికి రామనగర్‌ అని పేరు పెట్టుకున్నారు. పాత ఊరిలో వీధులు మిగిలాయి, మనుషులు మిగల్లేదు. పన్ను వేయడానికి ఇళ్లున్నాయి గాని కట్టే చేయి లేదు.

రామనగర్‌లో పదకొండు నెలలు

పోరాటం అనగానే సభలు, నినాదాలు గుర్తుకు రావడం సహజం. రామనగర్‌ పోరాటం అలాంటిది కాదు. అది రోజువారీ బతుకు. తెల్లవారితే నీరు కావాలి, పొయ్యి వెలగాలి, మగ్గం ఆడాలి. వేసవిలో తాటాకు పాకకు నిప్పు భయం. వానాకాలంలో కారే కప్పు, తడిసే నూలు. నూలు తడిస్తే నేత ఆగుతుంది, నేత ఆగితే కూలి ఆగుతుంది. గర్భిణులు, బాలింతలు, ముసలివారు అంతా ఆ పాకల్లోనే. ఖాళీ చేసి వచ్చిన ఇళ్లు పాడుపడుతున్నాయన్న దిగులు ఒకవైపు ఉండనే ఉంది. పదకొండు నెలలు ఇలా గడిచాయి.

ఈ బరువును మోసిన నాయకత్వాన్ని అంచనా వేయాలంటే ఒక సంగతి గమనించాలి. అన్ని కులాలవారు, ఉన్నవారు, లేనివారు ఒకే చోట పాకల్లో కాపురం ఉన్నారు. తగవులు రాకుండా చూడటం, దొంగల భయం లేకుండా రాత్రివేళ కాపలా కాయడం, నీరసపడినవారికి ధైర్యం చెప్పడం రామదండు పనులయ్యాయి. గోపాలకృష్ణయ్య ఎడింబరో పట్టా పక్కనపెట్టి వారిలో ఒకరిగా తిరిగారు. పద్యం చెప్పి నవ్వించారు, పాట పాడి నిలబెట్టారు. ఆయన చమత్కారం గురించి ఈ ప్రాంతంలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. కష్టకాలంలో జనాన్ని ఒక్కతాటి మీద ఉంచడానికి ఆ చమత్కారం చాలా ఉపకరించింది.

సారథి లేని రథం

ఇంతమందికి నెలల తరబడి ఆసరా కావాలంటే డబ్బు కావాలి. విరాళాలు కూడగట్టేందుకు, పోరాటానికి మద్దతు తెచ్చేందుకు గోపాలకృష్ణయ్య ఊరూరా తిరిగారు. ఆ క్రమంలో 1921లోనే గంజాం జిల్లా బరంపురం వెళ్లారు. అక్కడ ప్రసంగించరాదని అధికారులు నిషేధాజ్ఞ జారీచేశారు. ఆయన దాన్ని లెక్కచేయలేదు. ఏడాది కారాగార శిక్ష విధించి తిరుచిరాపల్లి జైలుకు పంపారు.

నాయకుడు కటకటాల వెనక్కు వెళ్లాక రామనగర్‌ బలహీనపడింది. చేతిలో పైసలు అయిపోయాయి. ప్రభుత్వం దిగి వచ్చే సూచనలు కనిపించలేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీజీ దేశవ్యాప్త ఉద్యమాన్నే నిలిపివేశారు. గుంటూరు జిల్లాలో పెదనందిపాడు రైతుల పన్నుల నిరాకరణ కూడా ఆ రోజుల్లోనే ఆగిపోయింది. పల్నాటిలో పుల్లరి పోరాట వీరుడు కన్నెగంటి హనుమంతు తుపాకీ గుళ్లకు బలైందీ ఆ ఫిబ్రవరిలోనే. నలువైపులా నిరాశ కమ్ముకున్న వేళ రామనగర్‌ పాకలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. జనం పాత ఇళ్లకు చేరుకున్నారు.

గెలిచారా, ఓడారా?

లెక్క ప్రకారం చూస్తే చీరాల ఓడింది. పదకొండు నెలల కష్టం తర్వాత ప్రభుత్వం తన నిర్ణయాన్ని వెనక్కు తీసుకోకుండానే ప్రజలు తిరిగి వచ్చారు. కూలి పోయింది, ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ నష్టాన్ని పూడ్చినవారు లేరు. వర్ధంతి సభల్లో ఈ మాట చెప్పడానికి వక్తలు సాధారణంగా వెనకాడతారు. చెప్పకపోతే ఆ పదమూడు వేల మంది పడిన పాట్లకు విలువ తగ్గించినట్లే అవుతుంది. తేలికగా గెలిచిన పోరాటం కాదది. గెలుపు దక్కకపోయినా నిలబడిన పోరాటం.

ఫలితం మరో రూపంలో వచ్చింది. ఒక పట్టణం మొత్తం, ఒక్క దెబ్బ కొట్టకుండా, పాలకుల అధికారాన్ని నెలల తరబడి పనికిరాకుండా చేయగలదని దేశానికి తెలిసింది. చీరాల, పేరాల పేర్లు జాతీయోద్యమ చరిత్రలో శాశ్వతంగా నిలిచిపోయాయి. బార్డోలీ రైతుల విజయం 1928లో వచ్చింది. దానికి ఏడేళ్ల ముందే పన్నుల నిరాకరణలో ఎంత బలముందో, ఎంత బాధ ఉందో చీరాల చూపించింది.

ముప్పై తొమ్మిదేళ్లకే ముగిసిన జీవితం

జైలు నుంచి విడుదలయ్యాక కూడా గోపాలకృష్ణయ్య విశ్రమించలేదు. కాంగ్రెస్‌ కార్యక్రమాల్లో, కళల పునరుద్ధరణలో తలమునకలయ్యారు. చేతిలో డబ్బు నిలిచే మనిషి కాదు. సంపాదన మీద దృష్టి లేదు. ఆరోగ్యం క్రమంగా క్షీణించింది. క్షయ వ్యాధి పట్టి పీడించింది. ఆ జబ్బుకు నాడు సరైన మందు లేదు. పేదరికం, అనారోగ్యం కలిసి ఆయనను కుంగదీశాయి. 1928 జూన్‌ 10న, ముప్పై తొమ్మిదో పుట్టినరోజు గడిచిన ఎనిమిది రోజులకు ఆయన తుదిశ్వాస విడిచారు. సంపన్న దేశంలో చదివి వచ్చి, కోరుకుంటే పెద్ద కొలువులో కుదురుకోగలిగిన మనిషి వెనుక ఆస్తిపాస్తులేమీ మిగల్లేదు.

విజయవాడలోని కాంగ్రెస్‌ కార్యాలయానికి ఆంధ్రరత్న భవన్‌ అని పేరు పెట్టారు. చీరాలలో ఆయన పేరు తెలియనివారు అరుదు. పేరు వెనుక ఉన్న ప్రశ్న మాత్రం కొత్త తరానికి అంతగా అందలేదు.

ఆ ప్రశ్న నేటికీ ఉంది

ఏ పురపాలక సంఘ సమావేశానికి వెళ్లినా ఎజెండాలో కనిపించే అంశాలు దాదాపు ఒకటే. పన్నుల సవరణ, సిబ్బంది జీతాలు, పొరుగు సేవల కార్మికుల కొనసాగింపు, కాలువలు, దీపాలు, నీటి సరఫరా. కొన్ని చోట్ల పదుల సంఖ్యలో అంశాలు చర్చే లేకుండా నిమిషాల్లో ఆమోదం పొందుతాయి. గ్యాలరీ ఖాళీగా ఉంటుంది. ఆ అంశాల్లో ఒక్కొక్కటి ఎవరో ఒకరి ఇంటి ఖర్చు, ఎవరో ఒకరి కడుపు కూడు అన్న సంగతి మరుగున పడుతుంది.

మన రాష్ట్రంలో ఇటీవలి సంవత్సరాలు చూసినా విషయం అర్థమవుతుంది. 2019 జులైలో పదవీకాలం ముగిశాక 2021 మార్చి ఎన్నికల వరకు అత్యధిక పురపాలక సంఘాలు ప్రత్యేకాధికారుల పాలనలోనే గడిపాయి. 2021 ఏప్రిల్‌ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువపై లెక్కించే విధానం అమల్లోకి వచ్చింది. ఏటా పెంపు పదిహేను శాతం మించరాదన్న పరిమితి ఉన్నా పలు పట్టణాల్లో నిరసనలు వెల్లువెత్తాయి. అదే ఏడాది మొదలైన చెత్త సేకరణ రుసుముపై ఇంటింటా వ్యతిరేకత వచ్చింది. చివరకు 2024లో దాన్ని రద్దుచేశారు. మరోవైపు జీతాల పెంపు కోరుతూ 2023 డిసెంబరు నెలాఖరులో పురపాలక కార్మికులు రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగారు. వీధుల్లో చెత్త గుట్టలుగా పేరుకుపోయినప్పుడు గాని తెల్లవారుజామున చీపురు పట్టే మనిషి విలువ చాలామందికి తెలియలేదు.

వీటిని చీరాల, పేరాల పోరాటంతో సమానం చేయడం ఉచితం కాదు. నాడు ప్రజలకు ఓటు బలం అంతంతమాత్రం, నేడు ప్రతి వార్డులో అందరికీ ఓటు ఉంది. పన్ను లేకుండా పట్టణం నడవదన్నదీ నిజమే. నీరు రావాలన్నా, వీధి ఊడవాలన్నా, ఊడ్చినవారికి సకాలంలో జీతం అందాలన్నా ఎవరో ఒకరు ఆ ఖర్చు భరించాల్సిందే. గోపాలకృష్ణయ్య పన్ను అన్నదానికే శత్రువు కాదు. కట్టేవాడిని అడగకుండా వేసిన పన్నుకు, లెక్క చెప్పని పాలనకు శత్రువు. అడిగి, వివరించి, ఖర్చు చూపించి వేసిన పన్నుకు ఊళ్లు ఖాళీ కావు.

చీరాల రైల్వే స్టేషన్‌లో దిగి పేరాల వైపు నడిస్తే మగ్గాల చప్పుడు మునుపటంత వినబడదు. రామనగర్‌ ఇప్పుడు తాటాకు పాకల ఊరు కాదు, పక్కా ఇళ్ల పేట. అక్కడి ఇళ్లకూ పన్ను తాఖీదులు వస్తాయి. వాటిని అందుకునే చేతుల్లో కొన్నయినా నాడు పాకల్లో తలదాచుకున్నవారి మనవల, మునిమనవల చేతులై ఉంటాయి. ఆ కాగితం మీద అంకె ఎంతైనా కావచ్చు. ఆ సొమ్ము దేనికి ఖర్చవుతోందని అడిగే హక్కు తమకు ఉందని వారు మరవకుంటే, సంఘంలో కూర్చున్నవారు చేయెత్తే ముందు ఒకసారి ఆ పాకలను తలచుకుంటే, ఆంధ్రరత్నకు అంతకు మించిన నివాళి ఉండదు.